దానిమ్మ చెట్టు కింద నీళ్ళ పైపు

ఆగస్టు 31

ప్రియమైన తాతయ్యకు,

ఈ ఉదయం మొదటి వింత: నేను కళ్ళు నులుముకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి ఎవరో పోలండ్ ముసలాయన నీ కుర్చీలో కూర్చుని మన పిల్లికి జున్ను తినిపిస్తున్నాడు. నన్ను చూడగానే లేచి, మర్యాదగా టోపీ తీయబోయాడు. తల మీద టోపీ లేదు. దానికోసమే వచ్చాడట. నిన్న మన వైన్ కొట్టులో, అదే మరానీలో, మరచిపోయాడు.

పోలండ్ ఆయనకి మన మరానీలో ఏం పని అని నువ్వు అడిగేలోపే చెప్పేస్తాను. కోప్పడకు.

ఈ సెలవుల్లో ఉప్లిస్త్సిఖే గుహల కొండ మీద గైడుగా చేస్తున్నానని నీకు తెలుసుగా. రాతిలో తొలిచిన వీధులు, సింహాసనం గది, ఏటి ఒడ్డుకు దిగే సొరంగం అన్నీ చూపించి, చివరికి ద్రాక్ష తొక్కే రాతి తొట్టి దగ్గరికి తీసుకువెళ్తాను. రసం పారిన కాలువ ఇంకా అలాగే ఉంది. అక్కడ నిలబడి మాట్లాడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. "ఈ రాయి తాగినంత ద్రాక్షరసం మీరూ నేనూ కలిసి జన్మలో తాగలేం" అంటాను. ఆ ఒక్క వాక్యం కోసం రెండు రోజులు ఆలోచించాను తాతయ్యా! నిన్న ఆ మాట అనగానే ఈ పోలండ్ ఆయన, "అమ్మాయీ, మాటలతో దాహం పెంచావు, మరి తీర్చేదెవరు?" అన్నాడు. అందరూ నవ్వారు. మా వ్యాను డ్రైవరు లాదో ఊరుకుంటాడా? "వీళ్ళ తాత మరానీ కొండ దిగగానే ఉందండీ" అనేశాడు. అలా వచ్చారు.

ఎంత బాగుందో! పొద్దున్నంతా చనిపోయిన ఊరు చూసి, మధ్యాహ్నం బతికున్న వైన్ తాగడం. ఇక ప్రతి శనివారం ఇలాగే చేద్దామని లాదో, నేను అనుకుంటున్నాం. శిథిలాలు ముందు, వైన్ తరువాత. మా ఆఫీసులో ఈ సంగతులన్నీ తెలిసిన ఒకావిడ ఉంది. చిన్న గ్లాసులు పెట్టాలట, రొట్టె ముక్కలు పెట్టాలట, రుచి చూసి ఉమ్మేసేవాళ్ళ కోసం ఒక బకెట్టు కూడా పెట్టాలట. అన్నీ రాసుకున్నాను.

నేలలో పాతిన వైన్ బానల్లో, మన క్వెవ్రీల్లో, ఏవి తెరవచ్చో చెప్పు. ఫోన్లో అడుగుదామంటే నువ్వు "ఆఁ? ఎవరూ?" అని రెండుసార్లు అరిచి పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం, నీకిష్టమైన అక్రోటు దండలు బతుమి వ్యాను నడిపే ఓతార్ మామ చేతికిచ్చి పంపుతున్నాను. గుండె జాగ్రత్త. మెట్లు ఎక్కకు.

నీ మరానీకి తాత్కాలిక యజమానురాలు,
తామ్తా

*

సెప్టెంబర్ 3, బతుమి

తామ్తా తల్లీ,

ఇక్కడ వాన. నిన్న కూడా వానే. సముద్రం గాలి గుండెకు మంచిదన్న డాక్టరు బహుశా ఎప్పుడూ సముద్రం చూసి ఉండడు. చెవి యంత్రంలోకి తేమ చేరి, మీ ఇర్మా అత్త "నాన్నా, సూప్" అంటే నాకు తుఫాను హెచ్చరికలా వినిపిస్తోంది. మీ రెజో మామయ్య రోజూ సాయంత్రం నా ముందు బీరు పెడతాడు. బీరెత్తి శత్రువుల ఆరోగ్యం కోరుకోవడమే మనకు తెలుసు కదా. అందుకని ఆ డాక్టరు పేరు చెప్పి తాగాను. మీ అత్త బల్ల కింద నా కాలు తొక్కింది.

మరానీ విషయం. నన్ను అడగకముందే చేసేసి ఇప్పుడు అడుగుతున్నావు. మీ నానమ్మ కూడా అంతే. తలుపు పక్కనున్న రెండు క్వెవ్రీలూ తెరువు. మూడోది నేను వచ్చాక చూద్దాం. ఎవరినీ ఖాళీ కడుపుతో తాగనివ్వకు. గ్లాసు ఎత్తేముందు ఒక మాట చెప్పకుండా తాగనివ్వకు. మాటలకు నీకేం కొదవ?

ఉమ్మేస్తారా? నోట్లో పోసుకున్న వైన్ ఉమ్మేస్తారా? మన మరానీలోనా? ఈ ముక్క రెండుసార్లు చదివాను. రెజోకి చూపిస్తే ఇప్పుడు అందరూ అంతేనన్నాడు. సరే. అతిథి ఏం చేసినా తప్పు పట్టకూడదు. వాళ్ళు ఉమ్మేటప్పుడు నువ్వు కొండవైపు చూడు.

ఇంకొక్క మాట. వాకిట్లో దానిమ్మ చెట్టు కింద నేల ముట్టుకోకు. గడ్డపార అసలే వేయకు. అక్కడ నీళ్ళ పైపు ఉంది. పాతది. పగిలితే బాగుచేసేవాళ్ళు దొరకరు.

అక్రోటు దండల్లో ఒకటి దారిలోనే మాయమైంది. ఓతార్‌ని అడిగితే ఆకాశం వైపు చూశాడు.

తాతయ్య

*

సెప్టెంబర్ 12

తాతయ్యా, తాతయ్యా!

మొన్న శనివారం జర్మనీ వాళ్ళు వచ్చారు. ఒకడు రెండో క్వెవ్రీ రుచి చూసి ఏడ్చాడు. నిజంగా. వాళ్ళ నాన్న గుర్తొచ్చాడట. లాదో వాడి భుజం తడుతూ, "ఏడవండి సార్, మా దగ్గర దీనికి వేరే డబ్బు తీసుకోం" అన్నాడు. నేను నవ్వాపుకోలేక మరానీ బయటికి పరిగెత్తాను.

నాకీ మధ్య మాటల పిచ్చి పట్టుకుంది. కొండ మీద ఒక్కో రాయికి ఒక్కో మాట వెతుకుతున్నాను. గుడి గదిలో ఆ గుండ్రటి గుంట ఉంది చూడు, దేవుడికి అర్పణ పోసేది. దాని దగ్గర ఇప్పుడు ఇలా అంటున్నాను: "ఈ గుంట దాటి ఒక్క చుక్క కూడా మనిషి పెదవి దాకా వెళ్ళేది కాదు. ముందు ఇవ్వడం, తర్వాతే తాగడం." అనగానే అందరూ నిశ్శబ్దమైపోతారు. ఆ నిశ్శబ్దం నాకెంత ఇష్టమో.

ఇప్పుడు అసలు రహస్యం. పూర్తిగా చెప్పను, నువ్వు వచ్చాక నీ కళ్ళతో చూడాలి. నేను వెతకనిది ఒకటి నాకు దొరికింది. మన వాకిట్లోనే! ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా నేను గమనించనేలేదు. ఎంత మౌనం, ఎంత లోతు! లాదోకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. రేపు పెద్ద బృందం వస్తోంది, వైన్ గురించి పుస్తకాలు రాసేవాళ్ళు. వాళ్ళందరి ముందూ రేపే బయటపెట్టేస్తాం. నీకు ముందే చెప్పనందుకు అలగకు. మమ్మల్ని దీవించు.

సంతోషంతో ఊపిరాడని,
తామ్తా

*

సెప్టెంబర్ 15, బతుమి

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి చెవి యంత్రం తీసి బల్ల మీద పెట్టేశాను. ఈ సంతోషం మధ్యలో ఎవరూ సూప్ అనకూడదని.

లాదో! పక్కనే ఉన్నా గమనించలేదంటావా? మీ నానమ్మ కూడా నన్ను బడిలో రెండేళ్ళు చూసి మూడో ఏడు గమనించింది. వాడు మౌనంగా ఉంటాడని రాశావు, ఆ ఒక్కటే నాకు అర్థం కాలేదు. నేను చూసిన లాదో నోరు మూయడు. ప్రేమలో పడితే మగవాళ్ళు మారతారేమోలే. వాడి మామ వానో నా పాత శిష్యుడే. లెక్కల్లో మొద్దు, మనిషి మంచివాడు.

తల్లీ, ఇంటికి అల్లుడు వస్తున్నప్పుడు ఇక నీ దగ్గర దాచకూడనిది ఒకటుంది. దానిమ్మ చెట్టు కింద నీళ్ళ పైపు లేదు. అక్కడ మన జెదాషె ఉంది.

జెదాషె అంటే నీకు పుస్తకాల్లో తెలిసే ఉంటుంది. ఇంటి పెద్ద గియోర్గి దేవుడికి మొక్కి, కోతలో మొదటి రసం పోసి మూత వేసే క్వెవ్రీ. మన ఇంట్లో అది ఉందని నీకు తెలియదు. నా ముత్తాత కాలం నుంచి ఉంది. దాన్ని అమ్మకూడదు. వాకిలి దాటించకూడదు. ఒక్క చుక్క నేల మీద పడకూడదు. మే నెలలో దేవుడి రోజున ఇంటి పెద్ద కొవ్వొత్తి వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చుని మూత తీస్తాడు. మన సందులో ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి ఒక కప్పు తాగి వెళ్తారు. నువ్వు మే నెలలో ఎప్పుడూ చదువుల్లో తిబిలిసిలోనే ఉంటావు.

ఈ మేలో నేను ఆస్పత్రి మంచం మీద ఉన్నాను కదా, తెరవలేదు. ఛాతీ కోయబోయేముందు మొక్కుకున్నాను. నా కాళ్ళ మీద నేను నడిచి వాకిట్లోకి వస్తే, నవంబరులో వచ్చే గియోర్గి పండుగకి నా చేత్తోనే తెరుస్తానని. ఆ వైన్ నాకోసం ఆగి ఉంది. ఇప్పుడు నీ కోసం, లాదో కోసం కూడా తెరుస్తాను.

పైపు అని ఎందుకు అబద్ధమాడానంటావా? నీకు పన్నెండేళ్ళప్పుడు, వడగళ్ళు పడకూడదని పక్కింటి సియాలా కొవ్వొత్తి పట్టుకుని తోట చుట్టూ తిరుగుతుంటే పడీ పడీ నవ్వావు. లెక్కల మాస్టారిని కదా, నేను కూడా నీతో కలిసి నవ్వాను. అలా నవ్వాక, నేనూ కొవ్వొత్తి వెలిగిస్తానని నీకెలా చెప్పను? సిగ్గేసింది.

ఇప్పుడు చెప్పేశాను. తేలికగా ఉంది. లాదోకి చెప్పు, పెళ్ళిలో విందు నడిపే తమదాగా నేనే ఉంటాను, ప్రతి గ్లాసుకూ ముందు నా మాటే వినాలి.

మీ ఇద్దరి తాతయ్య

*

సెప్టెంబర్ 18

తాతయ్యా,

నీ ఉత్తరం అందింది. నువ్వు పొరబడ్డావు. లాదోకీ నాకూ ఏమీ లేదు. అలాంటి మాట ఎవరితోనూ అనకు, దయచేసి.

శనివారాల వైన్ ఆపేశాను. కొండ మీదికి కూడా ఈ వారం వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉంది. పిల్లి బాగానే ఉంది. నువ్వు మాత్రం ఇప్పుడే రావద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులూ అక్కడే ఉండు. ఇక్కడ నువ్వు చూడవలసిందేమీ లేదు.

తామ్తా

*

సెప్టెంబర్ 20, బతుమి

తామ్తా,

ఏం చేశాడు వాడు?

నాకు చెవులు వినపడవు కానీ అక్షరాలు కనపడతాయి. 12వ తారీఖున ఊపిరాడని సంతోషం. 18న "పిల్లి బాగానే ఉంది". మధ్యలో శనివారం. అందరి ముందూ చెప్పేస్తామన్నారు. చెప్పలేదన్నమాట. నిన్ను నలుగురిలో నిలబెట్టి తప్పుకున్నాడన్నమాట. ఇక్కడ చూడవలసిందేమీ లేదని నా మనవరాలు రాసే పరిస్థితి తెచ్చాడన్నమాట!

నువ్వు చెప్పవని నాకు తెలుసు. మీ నానమ్మ కూడా దెబ్బ తగిలితే ఇల్లు ఊడ్చేది, నోరు విప్పేది కాదు. అందుకని నేనే వానోకి రాశాను. "నీ మేనల్లుడు మా పిల్లతో ఆడుకున్నాడు, లెక్కల్లో నిన్ను క్షమించాను, దీంట్లో క్షమించను" అని రాశాను. ఓతార్ చేతికే ఇచ్చాను. ఓతార్‌కి కూడా చెప్పాను, రెండుసార్లు. మూడోసారి చెప్పబోతే మీ అత్త లోపలికి లాక్కెళ్ళింది. నేను గట్టిగా మాట్లాడతానట.

నువ్వు తల ఎత్తుకుని తిరుగు. సిగ్గుపడవలసింది నువ్వు కాదు.

తాతయ్య

*

సెప్టెంబర్ 22

తాతయ్యా,

సిగ్గుపడవలసింది నేనే. ఇది చదివేముందు కూర్చో. ఇర్మా అత్తని పక్కన కూర్చోమను.

నిన్న లాదో వచ్చాడు. లోపలికి రాలేదు. గేటుకి ఆనుకుని, "ఏమే తామ్తా, నిన్ను నేను వదిలేశానట కదా. ముందు పట్టుకున్నదెప్పుడో చెప్తే గుర్తు తెచ్చుకుంటాను" అన్నాడు. నేను నవ్వబోయాను. అతను నవ్వలేదు. గోరీలో అతనికి నిశ్చయమైన అమ్మాయి ఉంది, ఎలిసో. నీ ఉత్తరం వానో చదివాడు, ఓతార్ మామ మిగతా ఊళ్ళకు చదివి వినిపించినంత పని చేశాడు. ఎలిసో వాళ్ళ నాన్న లాదోని గడప తొక్కవద్దన్నాడు. "నువ్వేం చెప్పావో నాకు తెలియదు. నిజం చెప్పు చాలు" అని వెళ్ళిపోయాడు.

అందుకే రాస్తున్నాను. లాదో బాధ పడకపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. అది కూడా నీకు తెలియాలి.

నాకు దొరికినది మనిషి కాదు.

గ్లాసులు కడగడానికి బావికీ మరానీకీ తిరిగి తిరిగి నడుం విరిగింది. దానిమ్మ కింద పైపు ఉందని నువ్వు రాశావు. దానికో కుళాయి బిగిస్తే చాలనుకున్నాను. గడ్డపార వద్దన్నావు కదా, నేను మాట వినేదాన్ని కదా! చిన్న తాపీ తీసుకుని, కాలేజీ తవ్వకాల్లో మాకు నేర్పినట్టు పొరపొరగా మట్టి తీశాను. పైపు రాలేదు. పలక రాయి తగిలింది. దాని కింద క్వెవ్రీ నోరు.

నువ్వు కూడా ఎరగని పాత క్వెవ్రీ అనుకున్నాను. మూత చుట్టూ మెత్తిన బంకమట్టి ఇంకా మెత్తగా ఉంది. అది చూశాను. మట్టిలో కొవ్వొత్తి ముక్క ఒకటి కనిపించింది. దాన్ని కూడా చూశాను. కొండ మీద అలాంటి ముక్క దొరికితే సంచిలో వేసి, పొర పేరు రాసి, ఎవరు వెలిగించారు, ఎప్పుడు, ఎందుకు అని వారం రోజులు ఆలోచిస్తాను. మన వాకిట్లో దొరికిన దాన్ని వేళ్ళతో నలిపి పారేశాను. అప్పటికే నా నోట్లో ఒక వాక్యం తయారై ఉంది: "అందరూ మరచిపోయిన క్వెవ్రీ." అంత మంచి వాక్యాన్ని ఒక మైనపు ముక్క కోసం వదులుకోలేకపోయాను.

శనివారం ఆ పుస్తకాలు రాసేవాళ్ళని ముందు కొండ ఎక్కించాను. గుడి గుంట దగ్గర నా మాట చెప్పాను, ముందు ఇవ్వడం, తర్వాతే తాగడం అని. అందరూ నిశ్శబ్దమయ్యారు. వాళ్ళని అలాగే కిందికి తీసుకువచ్చి దానిమ్మ చుట్టూ నిలబెట్టాను. లాదో తప్పేమీ లేదు తాతయ్యా, అతను కుర్చీలు వేశాడు, అంతే. మూత నేనే లేపాను.

ఎంత వాసన వచ్చిందో నీకెలా చెప్పను? ఎండిన పీచుపండు, తేనె, వాన పడ్డ మట్టి. నువ్వు ఆ వాసన పీల్చాల్సినవాడివి.

వాళ్ళు గ్లాసులు తిప్పారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు, ఏదో రాసుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ కళ్ళు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. నాకెంత గర్వంగా ఉందో. తర్వాత ఆవిడ వంగి బకెట్లో ఉమ్మింది. అందరూ అలాగే చేశారు. ఒకరి తర్వాత ఒకరు. నేను కొండవైపు చూడలేదు. గ్లాసులు నింపుతూ ఉన్నాను. మిగిలింది కొనుక్కుంటామన్నారు. సీసాల్లో పోసి ఇచ్చేశాను. డబ్బు తీసుకున్నాను.

అప్పుడు సియాలా అత్త గోరీ బజారు నుంచి వచ్చింది. సంచులు రెండు చేతుల్లోనూ ఉన్నాయి. అవి కింద పెట్టకుండానే అడిగింది: "ఎవరు తెరిచారే?"

"నేనే అత్తా! చూడు, అందరూ మరచిపోయిన క్వెవ్రీ!"

"ఎవరు మరచిపోయారే?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె సంచులు దింపి, బకెట్టు చూసింది. నేను దాన్ని కాలువలో పోయడానికి ఎత్తబోతుంటే నా చేతిలోంచి లాక్కుంది. గోడ పక్కన మన పాత తీగ ఉంది కదా, దాని మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, కొంచెం కొంచెంగా ఆ ఉమ్మిన వైన్ మొత్తం పోసింది. దేవుడికి దండం పెట్టుకుంది. ఖాళీ బకెట్టు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళు ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని ఫొటోలు తీసుకున్నారు.

అప్పుడు కూడా నాకు తెలియలేదు తాతయ్యా. పాతకాలపు చాదస్తం అనుకున్నాను. మరునాటి నుంచి సందులో ఎవరూ నన్ను పలకరించడం లేదు, ఎందుకో అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. దానిమ్మ చెట్టు కింద నీళ్ళ పైపు లేదు అన్న చోట ఆగిపోయాను. నీ మొక్కు దగ్గరికి వచ్చేసరికి ఇంక చదవలేకపోయాను. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాను.

నీ గుండె కోసం నువ్వు దాచిన వైన్. అందులో ఒక్క చుక్క లేదు. పిల్లి బాగానే ఉంది అని రాశాను నీకు.

ఎలా సంతకం చేయాలో తెలియడం లేదు.

తామ్తా

*

సెప్టెంబర్ 25, బతుమి

తామ్తా,

కోపంగా రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు చించాను. ప్రతి కాగితం మీదా కొంత దూరం వెళ్ళాక "నీళ్ళ పైపు" అన్న మాట వచ్చింది. ఆ మాట రాసిన చేయి నాదే. నేను సిగ్గుపడకుండా ఉంటే నువ్వు తవ్వేదానివి కాదు. కానీ కొవ్వొత్తి ముక్క నీదే. దాన్ని నేను నా మీద వేసుకోను.

ఎలిసో వాళ్ళ నాన్నకి రాశాను. వానోకి రాశాను. ఓతార్‌కి నోటితోనే చెప్పాను, మెల్లగా. ముసలివాడు, చెవిటివాడు, తొందరపాటువాడు అని ముగ్గురి దగ్గరా ఒప్పుకున్నాను. లాదోకి మాత్రం ఎదురుగా చెప్పుకుంటాను. నా తరఫున నువ్వు చెప్పకు.

ఇప్పుడు విను. నా చిన్నప్పుడు ఒకసారి మన జెదాషె పోయింది. మా నాన్న తాగేశాడు. ఒక చలికాలం, ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు, స్నేహితుడితో కలిసి తాగేశాడు. ఆ కోతకి మా అమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని మన సందులో ప్రతి గేటు దగ్గరా నిలబడింది. మన తోట ద్రాక్షతో ఆ ఏడు నింపకూడదు. ఎవరెవరు ఆ కప్పు తాగేవాళ్ళో వాళ్ళ తీగ నుంచి ఒక్కో గుత్తి రావాలి. అడిగేవాళ్ళు కారణం చెప్పాలి. లోపలికి వెళ్ళకూడదు, కూర్చోకూడదు, కథలు చెప్పకూడదు. "మా జెదాషె పోయింది. నా మొగుడు తాగేశాడు. ఒక గుత్తి ఇవ్వండి." అంతే. ఇచ్చేవాళ్ళు కాదనకూడదు, ఓదార్చకూడదు. ఓదారిస్తే తేలికైపోతుందని.

నేను అమ్మ పక్కనే నడిచాను. ఆమె ముఖం చూడలేక అందరి గేట్ల గొళ్ళాలూ చూశాను. ఏ ఇంటికి ఏ గొళ్ళెం ఉండేదో ఇప్పటికీ చెప్పగలను.

మన సందులో కోత ఈ సోమవారం మొదలవుతుంది. ముందు క్వెవ్రీ కడుగు. చెర్రీ చెట్టు బెరడు బ్రష్షు మరానీ అటక మీద ఉంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. నేను ఆదివారం సాయంత్రం రైలెక్కుతున్నాను. డాక్టరు ఒప్పుకోలేదు, ఇర్మా ఒప్పుకుంది. తెల్లవారేసరికి గోరీలో దిగుతాను. నేను వచ్చేదాకా ఆగు. ఇద్దరం కలిసి అడుగుదాం. ఆ ఇళ్ళలో సగంమంది నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. మాస్టారు గేటు దగ్గర నిలబడి "పైపు అని అబద్ధం చెప్పాను" అనడం వాళ్ళూ వినాలి.

తాతయ్య

*

సెప్టెంబర్ 28

తాతయ్యా,

ఈ ఉత్తరం లాదో నీకు రేపు గోరీ స్టేషన్లో ఇస్తాడు. ఇంటికి కూడా అతనే తీసుకువస్తాడు. నేను అడగలేదు. "మీ తాత నాకు క్షమాపణ చెప్పాలట కదా. వ్యానులో అయితే గట్టిగా అరిచినా ఎవరికీ వినపడదు" అన్నాడు. ఎలిసో వాళ్ళ నాన్న నీ ఉత్తరం చదివి లాదోకి ఫోన్ చేశాడు. ఇంకా ముభావంగానే ఉన్నాడట, కానీ భోజనానికి పిలిచాడట.

క్వెవ్రీ కడిగాను. బ్రష్షు అటక మీద దొరికింది. చేయి భుజం దాకా లోపలికి పెట్టినా అడుగు అందలేదు, తల కూడా దూర్చాను. లోపల ఇంకా ఆ వాసన ఉంది. ఏదో అనబోయాను, నా గొంతు నాకే తిరిగి వచ్చింది. ఇంక నోరు మూసుకుని తోమాను. నీళ్ళు తేటగా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ శనివారం తీసుకున్న డబ్బు ఏం చేయాలో తెలియక చర్చి ఫాదరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన చేత్తో ముట్టుకోలేదు. "ముందు గేట్లు తిరిగి రా" అన్నాడు. అది ఇంకా అలాగే అటక మీద ఉంది.

నిన్నటి నుంచి రేపు చెప్పవలసిన మాట తయారు చేస్తున్నాను. ఎన్ని రకాలుగా రాశానో. ఒకదాంట్లో "అజ్ఞానం" అని ఉంది. ఒకదాంట్లో "వారసత్వం" అని ఉంది. ఒకటి చాలా బాగా వచ్చింది, చదువుకుంటే నాకే కన్నీళ్ళు వచ్చాయి. అందుకని దాన్ని చించేశాను. మీ అమ్మ చెప్పినంతే చెప్తాను: "మా జెదాషె పోయింది. నేను తెరిచి అమ్మేశాను. ఒక గుత్తి ఇవ్వండి." గట్టిగా పలికి చూశాను. "అమ్మేశాను" దగ్గర గొంతు దిగిపోతోంది. రేపు కూడా దిగిపోతుందేమో. అయినా వినపడేలా అనాలి.

ఇందాక బుట్ట కడిగి గోడ మీద ఆరబెడుతుంటే సియాలా అత్త తన వైపు నుంచి చూసింది. పలకరించలేదు. నేనూ పలకరించలేదు. కానీ లోపలికి వెళ్ళేముందు తన గేటు గొళ్ళెం తీసి, తలుపు వారగా వదిలి వెళ్ళింది. ఆమె రోజూ పొద్దు వాలగానే గొళ్ళెం వేసే మనిషి.

నన్ను ఆగమన్నావు. అన్ని ఇళ్ళకూ ఆగుతాను, ఒక్క ఇంటికి ఆగను. ఉమ్మిన బకెట్టు మోసింది ఆమె. ఆ మాట ఆమె ముందు నేను ఒక్కదాన్నే అనాలి, పక్కన నీ చేయి ఉంటే నాకు తేలికైపోతుంది.

కాబట్టి రేపు ఉదయం ఇలా. నువ్వు రైలు దిగే వేళకి నేను ఖాళీ బుట్టతో సియాలా అత్త గేటు దగ్గర ఉంటాను. నువ్వు వచ్చాక ఇంట్లోకి వెళ్ళకుండా, నీ కాళ్ళ మీద నువ్వు నడిచి దానిమ్మ దాకా వచ్చి, అక్కడ కుర్చీలో కూర్చో. పిల్లి నీతో ఉంటుంది. చెవి యంత్రం పెట్టుకో. నేను ఒక గుత్తితో వస్తాను. దాన్ని నీకు చూపించి, రెండో గేటుకి ఇద్దరం కలిసి బయలుదేరుదాం.

తామ్తా